10 పీపీఎం దాటితే ఏమవుతుందో చెప్పండి: డీజిల్ కార్ల కంపెనీలకు బహిరంగ లేఖ

బీఎస్-6 డీజిల్ కార్లు, ఎస్‌యూవీలు తయారుచేసి మన దేశంలో అమ్ముతున్న కంపెనీల ఇంజినీరింగ్, సర్వీసు విభాగాల పెద్దలకు నమస్కారం.

మీ ఓనర్ మాన్యువల్‌లో ఇంధనం పేజీ తీస్తే ఒకటే మాట ఉంటుంది: గంధకం, అంటే సల్ఫర్, 10 పీపీఎం (బరువులో పది లక్షల పాళ్లకు 10 పాళ్లు) మించని డీజిలే వాడాలి. అంతటితో పేజీ అయిపోతుంది. ఇక్కడే కొని ఇక్కడే తిరిగేవాళ్లకు ఆ మాట చాలు. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆదిలాబాద్‌లో పోయించినా అనంతపురంలో పోయించినా అదే డీజిల్. చాలనిది కార్నే (సుంకం కట్టకుండా బండిని తాత్కాలికంగా విదేశాల్లోకి తీసుకెళ్లనిచ్చే పత్రాల పుస్తకం) తీసుకుని సొంత బండిలో దేశాలు దాటేవాళ్లకు. ముందున్న 600 కిలోమీటర్లలో ఒక్కటే బంకు, అందులో దొరికేది 500 పీపీఎం డీజిల్. పోయించుకోవాలా, ఆగిపోవాలా? పోయిస్తే ఏ భాగం దెబ్బతింటుంది, ఎన్ని ట్యాంకులకు, తిరిగి బాగవుతుందా? వీటికి జవాబులు మీ టెస్ట్ రిపోర్టుల్లో ఉంటాయి. మాన్యువల్‌లో లేవు. ఆ ఖాళీ వల్ల ఒకరు 50 పీపీఎంకే భయపడి ప్రయాణం మానుకుంటున్నారు, ఇంకొకరు ఏమీ కాదులే అని వేల పీపీఎం డీజిల్‌తో వారాలు తిప్పుతున్నారు. మరికొందరు బయల్దేరకముందే డీపీఎఫ్‌ను, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరును, కోయించేస్తున్నారు.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. విదేశం అంటే చెడ్డ డీజిల్ అని కాదు. నేపాల్‌కు డీజిల్ వెళ్లేది మన దగ్గర్నుంచే, 2020 నుంచి అది కూడా మన గ్రేడే. చైనాలో 2017 నుంచి 10 పీపీఎం. యూరప్‌లో 2009 నుంచి. రష్యా, కజకిస్థాన్, కిర్గిజ్‌స్థాన్ బంకుల్లో డీజిల్ పేరు చివర కే అక్షరం, దాని పక్కన అంకె ఉంటాయి. కే5 అంటే 10 పీపీఎం, కే4 అంటే 50, కే3 అంటే 350, కే2 అంటే 500. ఈ నాలుగూ తెలిసిన డ్రైవరుకు బంకువాడిని అడగాల్సిన పనే ఉండదు. అంటే ఖాట్మండూ, టిబెట్ మీదుగా యూరప్ వెళ్లే దారిలో గంధకం పెద్ద సమస్య కాదు. ఆ దారిలో చలికి డీజిల్ గడ్డకట్టడమే ఎక్కువ ఇబ్బంది.

అసలు సమస్య వేరే దారుల్లో ఉంది. ఇరాన్‌లో పెద్ద నగరాల్లో యూరో-4 (50 పీపీఎం) డీజిల్ దొరికినా, మధ్య దారిలో పోసేదాంట్లో గంధకం వేల పీపీఎంలలో ఉండొచ్చు. దక్షిణాఫ్రికాలో 50, 500 రెండూ అమ్ముతారు, 10 పీపీఎం నిబంధన 2027 జులైలో రావాలి. కెన్యా, టాంజానియా, ఉగాండా, రువాండా, బురుండి 2015 జనవరిలోనే 50కి మారాయి కాబట్టి మొంబాసాలో బండి దించుకుని తూర్పు ఆఫ్రికా తిరిగేవాళ్లకు అంత దిగులు అక్కర్లేదు. బ్రెజిల్ బంకుల్లో ఎస్10, ఎస్500 అని బోర్డు మీదే రాసి ఉంటుంది. ఇండోనేషియాలో బయోసోలార్ అని చౌకగా దొరికేది ఎక్కువ గంధకం ఉన్నది, పెర్టమినా డెక్స్ అన్నది తక్కువది. రంగు చూసి, వాసన చూసి గంధకం ఎంతుందో చెప్పేస్తామనేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. నమ్మొద్దు. అది ల్యాబులో యంత్రం మీద తేలాల్సిన లెక్క.

ఇక గంధకం చేసే పని. 60 లీటర్ల ట్యాంకులో డీజిల్ దాదాపు 50 కిలోలు, ఒక సిమెంటు బస్తా బరువు. 10 పీపీఎం అయితే ఆ బస్తాలో గంధకం అర గ్రాము. 500 అయితే పాతిక గ్రాములు. 2000 అయితే 100 గ్రాములు. ఒక గ్రాము గంధకం పూర్తిగా సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే మూడు గ్రాములవుతుంది. అదృష్టం ఏమిటంటే ఇంజిన్‌లో కాలిన గంధకంలో అత్యధిక భాగం సల్ఫర్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. పాత బండి అయితే కథ అక్కడితో ముగిసేది. బీఎస్-6 బండిలో ఆ వాయువుకు ఎదురుగా డీఓసీ, అంటే పొగను శుద్ధిచేసే ఆక్సిడేషన్ క్యాటలిస్ట్, ఉంది, అందులో ప్లాటినం ఉంది. వేడెక్కిన ప్లాటినం ఆ డయాక్సైడ్‌ను ట్రయాక్సైడ్‌గా మారుస్తుంది, అది నీటి ఆవిరితో కలిసి ఆమ్లమవుతుంది. కాలుష్యం తగ్గించడానికి పెట్టిన భాగమే ఇక్కడ ఆమ్లం తయారుచేస్తుంది.

ఆ ఆమ్లం డీఓసీ లోపలి పూత మీద సల్ఫేట్‌గా పేరుకుని ప్లాటినాన్ని కప్పేస్తుంది. ఇక్కడి నుంచి జరిగేది ఒక వరస. డీపీఎఫ్‌లో మసి నిండగానే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఆ మసిని కాల్చేసే రీజెన్ మొదలుపెడుతుంది. అంటే పవర్ స్ట్రోక్ చివర్లో కొంచెం అదనపు డీజిల్ చిమ్ముతుంది, అది డీఓసీలో కాలి డీపీఎఫ్‌ను 550 నుంచి 650 డిగ్రీలకు తీసుకెళ్లాలి. సల్ఫేట్ పట్టిన డీఓసీలో ఆ డీజిల్ సరిగా అంటుకోదు. వేడి చాలదు. మసి సగమే కాలుతుంది. ఈసీయూ మళ్లీ తొందరగా రీజెన్ మొదలుపెడుతుంది, మళ్లీ అదనపు డీజిల్. అందులో కొంత సిలిండర్ గోడ వెంట రింగులు దాటి కిందికి దిగి ఇంజినాయిల్‌లో కలుస్తుంది. అందుకే ఇలాంటి బండిలో ఆయిల్ తగ్గదు, పెరుగుతుంది. గేజి కడ్డీ తీసి తుడిచి ముంచి చూస్తే ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉంటుంది, పల్చగా జారుతుంది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన. లెవెల్ బాగుందని సంతోషించాల్సిన చోటు కాదది. గీత దాటి వేలి మందం పైకి వస్తే ఆయిల్ మార్చేదాకా బండి నడపకూడదు. బేరింగులు అరిగిపోతాయి, ముదిరితే ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా లాక్కుని అదుపు తప్పుతుంది.

మీ హెల్ప్‌లైన్లలో కూర్చునేవాళ్లకు చెప్పాల్సిన విషయం ఇంకొకటి. కొన్నాళ్లు ఊళ్లలో మెల్లగా తిరిగి, ఒక్కసారిగా ఘాట్ ఎక్కినప్పుడు వెనక తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, అగ్గిపుల్ల గీసినప్పటిలా ముక్కు మండుతుంది. పేరుకున్న సల్ఫేట్ వేడికి ఊడి బయటికి పోతోందన్నమాట. దీన్ని చూసి హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ సిలిండర్లోకి వస్తోందని పరాయి దేశంలో ఇంజిన్ విప్పించుకునే ప్రమాదం ఉంది. విప్పే ముందు కూలెంట్ చూడాలి. రెండు రోజులు వరసగా చల్లని ఇంజిన్ మీద రిజర్వాయర్ లెవెల్ గీత కదలకపోతే, పొగ లోడ్ మీద గానీ రీజెన్‌లో గానీ మాత్రమే వస్తుంటే, గ్యాస్కెట్ జోలికి పోనక్కర్లేదు.

డీపీఎఫ్ అంత సుకుమారమైనది కాదు, చరిత్రే సాక్ష్యం. ప్యుజో 607లో 2000 సంవత్సరంలో డీపీఎఫ్ వచ్చేనాటికి యూరప్ డీజిల్‌లో గంధకం పరిమితి 350 పీపీఎం. మసి కాలడానికి సాయంగా సీరియం మందు కలిపేవాళ్లు, నిజమే, కానీ నడిచాయి. కాబట్టి మా లెక్క ఇది: 50 పీపీఎం డీజిల్ పోయించి నిశ్చింతగా వెళ్లొచ్చు. 350, 500 మధ్య అయితే జాగ్రత్తలతో కొన్ని వేల కిలోమీటర్లు నెట్టుకురావొచ్చు. 2000 దాటితే ఆ ప్రాంతం దాటడానికి ఎంత కావాలో అంతే పోయించి, ఆగకుండా వెళ్లిపోవాలి. ఇది రోడ్డు మీది అంచనా. మీ దగ్గర ఇంతకన్నా కచ్చితమైనవి ఉంటే ప్రచురించండి, మా లెక్క చింపేస్తాం.

డీపీఎఫ్ కన్నా ముందు చేతులెత్తేది కొన్ని బళ్లలో ఉండే ఎల్‌ఎన్‌టీ అనే క్యాటలిస్ట్. అందులో బేరియం నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టుకోవాలి, కానీ గంధకం దొరికితే దాన్నే గట్టిగా పట్టుకుంటుంది. వదిలించాలంటే 650 డిగ్రీలు దాటిన వేడి, దాంతోపాటు గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ ఉండే మిశ్రమం కావాలి. డ్రైవరు ఎంత తొక్కినా ఆ మిశ్రమం రాదు, ఈసీయూ ఒక్కటే చేయగలదు. ఈసీయూ ఎప్పుడు చేస్తుంది? ఇన్ని లీటర్లు కాలింది కాబట్టి ఇంత గంధకం చేరి ఉంటుందని లెక్కగట్టి చేస్తుంది. ఆ లెక్కలో లీటరుకు వేసుకున్న గంధకం 10 పీపీఎం ప్రకారం. ట్యాంకులో ఉన్నది 500 అయితే లెక్క 50 రెట్లు తప్పు. బండి మొద్దుబారిపోయేదాకా శుద్ధి వంతు రాదు. మెనూలో 'ఎక్కువ గంధకం' అని ఒక గుర్తు పెట్టి, అది నొక్కితే ఆ ఒక్క అంకె మారేలా సాఫ్ట్‌వేర్ రాయడం మీకు అసాధ్యమా?

ఎస్‌సీఆర్ ఉన్న బళ్లకు, అంటే నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణం పోసే బళ్లకు, ఇంకో రకం చిక్కు. కాపర్ జియోలైట్ ఎస్‌సీఆర్ గంధకం పట్టినప్పుడు తక్కువ వేడి దగ్గర బద్ధకిస్తుంది. 500 డిగ్రీలు దాటి కొంతసేపు ఉంటే చాలావరకు కోలుకుంటుంది, మంచి రీజెన్‌లో ఆ వేడి వస్తుంది కూడా. ఈలోగా వెనకున్న నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల) సెన్సర్ శుద్ధి తగ్గిందని చూస్తుంది. ఈసీయూ దానికి తెలిసిన కారణం వెతుక్కుని యాడ్‌బ్లూ నాణ్యత బాగోలేదని లైటు వేస్తుంది, ఇన్ని కిలోమీటర్ల తర్వాత ఇంజిన్ స్టార్ట్ కాదని కౌంట్‌డౌన్ మొదలవుతుంది. డ్రైవరు నిక్షేపంగా ఉన్న యాడ్‌బ్లూను పారబోసి కొత్తది కొంటాడు. లైటు పోదు. 32.5 శాతం యూరియా ఉందో లేదో చిన్న రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేసి చూస్తే అరనిమిషంలో తేలిపోతుంది. యాడ్‌బ్లూ సరిగా ఉంటే ముందు గంటసేపు లోడ్ మీద నడిపి రీజెన్ పూర్తి కానివ్వాలి. ఈ వరుస మీ కాల్‌సెంటర్ కాగితంలో ఉండాలి.

యాడ్‌బ్లూ గురించి మరో రెండు మాటలు. మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కరిగాక బాగానే పనిచేస్తుంది. వేడికే పాడవుతుంది: 25 డిగ్రీల్లో ఏడాదిన్నర ఉండేది 35 డిగ్రీల్లో ఆరు నెలలే. ఎడారి దారిలో డిక్కీలో 20 లీటర్లు నెలల తరబడి మోయడం దండగ. దొరక్కపోతే యూరియా బస్తా కొని నీళ్లలో కలుపుకుందామనే ఆలోచన మన రైతు కుటుంబాల డ్రైవర్లకు సులువుగా వస్తుంది. ఎరువుల యూరియాలో బయురెట్ అనే మలినం ఉంటుంది, మన దేశపు బస్తాలోదైతే వేప నూనె పూత కూడా. ఇంజెక్టరు మూసుకుపోతుంది, ఎస్‌సీఆర్ మీద పేరుకున్నది ఏ రీజెన్‌కీ పోదు.

ఇంజినాయిల్. బయటికి పోని ఆమ్లం క్రాంక్‌కేసులోకి చేరుతుంది, దాన్ని చంపడానికి ఆయిల్‌లో క్షారం ఉంటుంది, డబ్బా వెనక టీబీఎన్ అని రాసేది దాన్నే. డీపీఎఫ్ బళ్లకు వాడే ఏసీఈఏ సీ3 ఆయిల్‌కు టీబీఎన్ కనీసం 6, పాతకాలపు ఏ3/బీ4కు కనీసం 10. ఎక్కువ ఉన్నది పోస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ ఎక్కువ క్షారమే కాలాక బూడిదగా మారి డీపీఎఫ్‌లో చేరుతుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద ఎన్ని రీజెన్లు చేసినా కాలదు. కాబట్టి గ్రేడ్ మార్చకుండా గడువు తగ్గించాలి. 10 వేల కిలోమీటర్లకు మార్చేది, 500 పీపీఎం వాడుతున్నన్నాళ్లు 5 వేలకు మార్చాలి. ఆ గ్రేడ్ దారిలో దొరుకుతుందని నమ్మకం లేదు గనక రెండు మార్పులకు సరిపడా ఆయిల్, రెండు ఆయిల్ ఫిల్టర్లు, డ్రెయిన్ బోల్టు వాషర్లు ఇక్కడినుంచే తీసుకెళ్లాలి. బండి ఆపి ఏసీ కోసం గంటల తరబడి ఐడిల్‌లో ఉంచడం మానాలి. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేముందు చల్లార్చే ఈజీఆర్ కూలర్ చల్లారినప్పుడు, దాని గోడల మీదే ఆమ్లం తేమగా దిగుతుంది. అది తినేసిన లోహాన్ని మళ్లీ తేలేం.

గంధకం పేరు చెప్పి నీళ్లను మరిచిపోతారు చాలామంది. గంధకం వేల కిలోమీటర్లలో చేసే నష్టాన్ని డ్రమ్ములో నుంచి పోసిన నీళ్ల డీజిల్ ఒక్క పూటలో చేస్తుంది. 1600, 2000 బార్ల ఒత్తిడి మీద నడిచే ఇంజెక్టర్లకు నీటి చుక్క కూడా పడదు. అనుమానం ఉన్నచోట అర లీటరు డీజిల్ తెల్ల గాజు సీసాలో పట్టి పావుగంట కదలకుండా ఉంచాలి. అడుగున వేరే పొరగా నీళ్లు, నలకలు కనిపిస్తాయి. డీజిల్ ఫిల్టర్లు రెండు, వాటి ఓ-రింగులతో సహా దగ్గర ఉండాలి. కొత్త ఫిల్టర్‌ను క్యానులోని డీజిల్‌తో నింపి బిగించడం పాత అలవాటు, వడకట్టని ఆ డీజిల్ నేరుగా పంపులోకి పోతుంది. ఖాళీగానే బిగించి, హ్యాండ్ పంపు ఉంటే దానితో, లేకపోతే ఇగ్నిషన్ నాలుగైదుసార్లు ఆన్ చేసి ప్రైమ్ చేయాలి.

గంధకం తీసేసే మందంటూ ట్యాంకులో పోసే సీసాలు ఎవరు అమ్మినా అబద్ధమే. కలపడం వల్ల వచ్చే లాభం కూడా కొంచెమే: 10 పీపీఎంది 20 లీటర్లు, 500ది 40 లీటర్లు కలిపితే 337 వస్తుంది. క్యాన్లు మోసిన శ్రమకు ఫలం అంతే.

డ్రైవరు చేతిలో ఉన్నది కొలవడం. ఓబీడీ పోర్టులో, అంటే బండి కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్‌లో, చిన్న బ్లూటూత్ డాంగిల్ పెట్టి, ఇల్లు వదిలేముందు, ఒక రీజెన్ పూర్తయ్యాక, ఇంజిన్ వేడిగా ఉండగా ఈ అంకెలు రాసుకోవాలి: ఐడిల్‌లోనూ 3000 ఆర్‌పీఎం దగ్గరా డీపీఎఫ్ ముందువెనకల ఒత్తిడి తేడా, రీజెన్‌కూ రీజెన్‌కూ మధ్య దూరం, రీజెన్ జరిగేటప్పుడు డీఓసీకి ముందూ వెనకా ఉష్ణోగ్రత. బాగున్న డీఓసీ రీజెన్‌లో సుమారు 200 డిగ్రీలు పెంచుతుంది. ఆ తేడా రానురాను తగ్గుతుంటే సల్ఫేట్ పడుతోందని అర్థం. మంచి రోజుల్లో 400, 500 కిలోమీటర్లకు వచ్చే రీజెన్ 150కే వస్తుంటే ఆరోజే ఎత్తున్న రోడ్డు చూసుకుని, ఒక గేరు తక్కువలో, 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మీద అరగంట ఎక్కించాలి. రీజెన్ మధ్యలో టీ కోసం ఆపొద్దు.

ఇందులో మీరు పెట్టిన అడ్డు ఏమిటంటే, చాలా మోడళ్లలో మసి గ్రాములు, బూడిద అంచనా, రీజెన్ నడుస్తోందా లేదా అన్నవి మామూలు యాప్‌లకు కనిపించవు. మీ వర్క్‌షాపు టూలుకే కనిపిస్తాయి. ఆ టూలు ఉజ్బెకిస్థాన్‌లోని నమంగన్‌లోనో, ఇరాన్‌లోని షిరాజ్‌లోనో దొరకదు. ఆస్ట్రేలియాలో డీపీఎఫ్ గొడవలు వచ్చాక టయోటా 2018లో హైలక్స్, ప్రాడో, ఫార్చ్యూనర్లకు డ్రైవరే నొక్కే రీజెన్ స్విచ్ పెట్టింది. బండి ఆపి, ఎండుగడ్డి లేని చోట నిలబెట్టి, స్విచ్ నొక్కడమే. ఆ పని ఇక్కడ వర్క్‌షాపుకే ఎందుకు పరిమితం కావాలి?

డీపీఎఫ్ కోయించి, ఈసీయూను మోసంచేసే ఫైలు ఎక్కించుకుని వెళ్లేవాళ్ల గురించి మీరు వారంటీ రద్దు అని బెదిరించి ఊరుకుంటున్నారు. తయారీదారు ప్రమాణాలను మార్చడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం, యూరప్ సరిహద్దు లోపల తనిఖీలో దొరికితే బండి అక్కడే ఆగిపోవచ్చు. అవన్నీ తెలిసే కోయిస్తున్నారు. కొయ్యకుండా వెళ్లే దారి మీరు చూపలేదు కనక.

తిరిగొచ్చాక ఏం చేయాలన్నదీ మాన్యువల్‌లో లేదు. 60 లీటర్ల ట్యాంకులో 500 పీపీఎంది 10 లీటర్లు మిగిలి ఉండగా మన డీజిల్ 50 పోస్తే 92 పీపీఎం. మళ్లీ 10 దాకా ఖాళీచేసి నింపితే 24, మూడోసారికి దాదాపు 12. అంటే మూడు ట్యాంకులు కాలేదాకా బండి ఇంకా విదేశంలో ఉన్నట్టే. రాగానే ఇంజినాయిల్, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు మార్చాలి. మూడో ట్యాంకు తర్వాత వర్క్‌షాపులో ఒక సర్వీస్ రీజెన్, ఎల్‌ఎన్‌టీ బండికైతే గంధకం వదిలించే ప్రక్రియ కూడా చేయించాలి. ఆ తర్వాతా ఒత్తిడి తేడా మొదట రాసుకున్న అంకెకు దిగకపోతే మిగిలింది బూడిద. డీపీఎఫ్ విప్పి కడిగించాలి.

మేం అడిగేది పెద్ద పెట్టుబడి కాదు. దక్షిణాఫ్రికా లాంటి మార్కెట్లకు ఇదే వంశపు ఇంజిన్లను మన దేశం నుంచి పంపుతున్న కంపెనీలు మీలో ఉన్నాయి. 500 పీపీఎం మీద ఆ ఇంజిన్ ఎలా ఉంటుందో మీకు కొత్త కాదు. ఇక్కడ అమ్మే ప్రతి డీజిల్ మోడల్‌కూ ఒక పేజీ ఇవ్వండి. బండిలో ఉన్నది ఎల్‌ఎన్‌టీనా, ఎస్‌సీఆరా, రెండూనా. 50, 350, 500, 2000 పీపీఎంలకు విడివిడిగా ఎన్ని కిలోమీటర్లు, ఆయిల్ ఎప్పుడు మార్చాలి. వేరే దేశంలో గత్యంతరం లేక పోయించిన డీజిల్‌కు, బంకు రసీదు చూపితే, వారంటీ ఉంటుందా ఉండదా, రాతపూర్వకంగా. డ్రైవరు నొక్కగలిగే రీజెన్ మెనూ. మసి, బూడిద అంకెలు డాష్‌బోర్డు మీద. కార్నే ఇచ్చే ఆటోమొబైల్ సంఘాలు ఆ పేజీని పుస్తకంతోపాటే చేతికిస్తాయి, అడిగితే కాదనరు.

తెలుగులో కూడా ఇవ్వండి. స్టీరింగ్ పట్టుకునేవాళ్లలో చాలామంది చదివేది ఆ భాషే.

ఇట్లు,
డీజిల్ ఇంజిన్లు, ఎగ్జాస్ట్ వ్యవస్థల పని చేసే మెకానిక్కులు,
విదేశీ రోడ్డు ప్రయాణాలకు బళ్లు సిద్ధం చేసేవాళ్లు
హైదరాబాద్, విజయవాడ